గ్లాసు నీళ్లలో పగిలిన కన్ను తోటలో ఎందుకు పగల్లేదు: లోడైలో ఒక క్యాబర్నే తోట కేసు

కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ద్రాక్ష తోటలకు సలహాలిచ్చే పని నాది. వసంతంలో తీగలు సరిగ్గా మేల్కోలేదని ఎవరైనా ఫోన్ చేస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఈ కేసే, 2014 నాటిది. కన్ను పగలడం, అంటే కొమ్మ మీది మొగ్గ విచ్చుకుని చిగురేయడం, మార్చిలో కంటికి కనిపిస్తుంది కాబట్టి తప్పు కూడా మార్చిలోనే జరిగి ఉంటుందని చాలామంది అక్కడే వెతుకుతారు, మందులూ అప్పుడే కొడతారు. ఈ తోటలో జరిగిందంతా అంతకుముందు అక్టోబర్ నుంచి జనవరి మధ్య, అదీ ఎక్కువ భాగం నేల లోపల జరిగింది. రైతు అనుమతితోనే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, తోట విస్తీర్ణం కూడా చెప్పడం లేదు.

తోట సంగతి

శాక్రమెంటోకు దక్షిణాన ఉండే లోడై ప్రాంతంలో, తూర్పు వైపు నేలల్లో, 2008లో నాటిన క్యాబర్నే సావిన్యాన్ అనే వైన్ ద్రాక్ష తోట అది. ఫ్రీడమ్ అనే వేరుమూలం మీద కట్టిన అంటు మొక్కలు. వరుసల మధ్య 10 అడుగులు, చెట్ల మధ్య 7 అడుగులు, అంటే ఎకరానికి దాదాపు 620 చెట్లు. మన హైదరాబాద్ చుట్టుపక్కల వేసే పందిరి పద్ధతి కాదు. కాండం నుంచి వైరు వెంట అటొక చేయి ఇటొక చేయి పాకిస్తారు, ఆ చేతుల మీదున్న పొట్టి కొమ్మలకు ఏటా రెండేసి కన్నులు ఉంచి మిగతాది కత్తిరించేస్తారు. చెట్టుకు రెండు డ్రిప్పర్లు, ఒక్కోటి గంటకు సుమారు రెండు లీటర్లు ఇస్తుంది. నీళ్లు సొంత బోరువి.

నేల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కథ అంతా అక్కడే ఉంది. పైన ఇసుక పాలు ఎక్కువున్న గరప నేల, కింద ఇంచుమించు 80 సెంటీమీటర్ల దగ్గర సిమెంటు గచ్చులాంటి గట్టి పొర, దీన్నే హార్డ్‌పాన్ అంటారు. ఈ రకం నేలను శాన్ వాకీన్ నేల అంటారు, 1997 నుంచి కాలిఫోర్నియా రాష్ట్ర అధికారిక నేల కూడా ఇదే. వేర్లకు ఆ పొర దాటి కిందికి పోయే దారి దాదాపు ఉండదు. అంటే ఆ చెట్టుకు ఉన్న నీళ్ల ట్యాంకు లోతు 80 సెంటీమీటర్లు, అంతే. లోడైలో ఏడాదికి సగటున సుమారు 450 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ దాదాపు అంతా చలికాలంలోనే, వేసవి అంతా చుక్క ఉండదు. కాబట్టి మామూలు ఏడాదిలో డిసెంబర్, జనవరి వానలు ఆ ట్యాంకును నింపి పెడతాయి, రైతు దాని గురించి ఆలోచించాల్సిన పని ఉండదు.

రైతు తెలుగువాడే. హైదరాబాద్ శివార్లలో పెరిగాడు, వాళ్ల నాన్న అనాబెషాహి ద్రాక్ష పండించేవారు. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఇష్టంతో ఈ తోట కొన్నాడు. రోజువారీ పనులు చూడడానికి మేనేజర్ ఉన్నాడు. కత్తిరింపులకు ఏటా వచ్చే మెక్సికన్ కూలీల మేస్త్రీ ఆ చుట్టుపక్కల తోటలన్నీ ఎరిగిన మనిషి. ఆయన మాట తర్వాత అక్కరకొస్తుంది.

ఏం కనిపించింది

ఏప్రిల్ మొదట్లో ఫోన్ వచ్చింది. "అన్నా, సగం తోట సచ్చిపోయినట్టుంది. పక్క తోటల చిగుర్లు జానెడు లేసినయి, నా దాంట్ల కొన్ని చేతుల మీద అసలు ఏం రాలే. ఒక్కసారి వచ్చి సూడు."

వెళ్లి చూస్తే ఒక వరుసలోనే మూడు రకాల చెట్లు ఉన్నాయి. కొన్ని బాగానే చిగురించాయి. కొన్నిటిలో కన్నులు ఉబ్బి, వాటి మీదుండే ఉన్నిలాంటి నూగు విచ్చుకుని, రెండు మూడు ఆకులు వేసి, ఐదారు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయాయి, ఆ చిన్న చిగురు మీదున్న పూగుత్తి ఎండిపోతోంది. ఇంకొన్నిటిలో ఒక చేయి పచ్చగా ఉంది, రెండో చేయి పూర్తిగా మోడు. క్యాబర్నే ఆలస్యంగా లేచే రకమే, ఇక్కడ షార్డనే రకం చిగురేసిన రెండు వారాలకు గానీ ఇది కదలదు. అందుకని రైతు మార్చి చివరి దాకా ఓపిక పట్టాడు. కానీ పక్క తోటలో ఉన్నదీ క్యాబర్నేనే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి ఆ రెండో రకం చెట్లు. అసలు పగలకపోతే కన్ను చచ్చిందనో, ఇంకా నిద్రలో ఉందనో అనుకోవచ్చు. పగిలి, చిగురేసి, అక్కడ ఆగిపోయిందంటే కన్ను లేచింది, లేచాక దానికి అందాల్సింది అందలేదు.

తీగ మేల్కోవడం అంటే లోపల ఏం జరుగుతుంది

ఇది తెలియకపోతే తర్వాత తీసుకున్న నిర్ణయాలు అర్థం కావు, అందుకని కొంచెం ఆగి చెబుతాను.

వేసవి చివర పగటి పొద్దు తగ్గడంతో కన్ను లోపలి నుంచే తాళం వేసుకుంటుంది, ఆ దశలో ఎంత వెచ్చదనం ఇచ్చినా పగలదు. ఆ తాళం తీసేది చలి. 7 డిగ్రీల లోపు చలి కొన్ని వందల గంటలు తగిలితే చాలు, వైన్ ద్రాక్ష రకాలకు సాధారణంగా 150 నుంచి 400 గంటలు. ఆ తర్వాత కన్ను లేవడానికి సిద్ధంగానే ఉంటుంది, బయట చలిగా ఉంది కాబట్టి ఆగి ఉంటుంది, అంతే. రోజు సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు దాటడం మొదలయ్యాక కదులుతుంది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. కింద జరిగేది ఎక్కువమంది పట్టించుకోరు. చలికాలంలో కాండంలోని నీటి నాళాల్లో చాలా వరకు గాలి చేరుతుంది. నేల వెచ్చబడగానే వేర్లు తమలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చి, లవణాలతో పాటు నాళాల్లోకి వదులుతాయి, దాంతో నేలలోని నీరు లోపలికి లాగబడి కింది నుంచి పైకి ఒత్తిడి పుడుతుంది. ఆ ఒత్తిడి గాలిని తోసేసి నాళాలను మళ్లీ నీటితో నింపుతుంది. గాలి పట్టిన మోటారుకు ముందు నీళ్లు పోసి గాలి తీస్తేనే కదా అది నీళ్లు ఎత్తేది, ఇదీ అదే పని. ఫిబ్రవరి చివర, మార్చిలో కత్తిరించిన కొన నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారడం చూసే ఉంటారు, అది ఈ ఒత్తిడి వల్లే. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే ఆయన కత్తిరించిన ద్రాక్ష మోడుకు పాదరసపు గొట్టం బిగించి ఈ ఒత్తిడిని కొలిచి 1727లోనే ప్రచురించారు.

నిద్రలో ఉన్న కన్నులో నీరు సగం అటూ ఇటూగా ఉంటుంది, విచ్చుకునే నాటికి 80 శాతం దాకా చేరుతుంది. ఆ నీరు రావాలంటే నాళాలు నిండాలి, నాళాలు నిండాలంటే వేర్లలో నిల్వ ఉండాలి, నేలలో తడి ఉండాలి. మొదటి ఐదారు ఆకులు వచ్చేదాకా తీగ తనకు తాను వండుకోలేదు, నిరుడు దాచుకున్న పిండిపదార్థం మీద, వేర్లలో దాచుకున్న నత్రజని మీద బతుకుతుంది. కన్ను ఉబ్బి ఉన్ని విప్పడానికి దాని దగ్గరున్నదీ, పక్కన కొమ్మలో ఉన్నదీ సరిపోతుంది. ఆ తర్వాత కింది నుంచి రావాల్సిందే.

నేను వెళ్లేలోపు చేసినవి

రైతు, మేనేజర్ కలిసి అప్పటికే మూడు పనులు చేశారు, మూడూ ఫలితం ఇవ్వలేదు. చిగుర్లు బలహీనంగా ఉన్నాయని సముద్రపు పాచి ద్రావణం, జింకు కలిపి పిచికారీ చేశారు. పీల్చుకోవడానికి ఆకులే లేని చెట్టు మీద అది చేసేదేమీ ఉండదు. డ్రిప్పులో నత్రజని ఎరువు పంపారు. పైన చెప్పినట్టు ఆ దశలో తీగ నేల నుంచి నత్రజని తీసుకునేది చాలా తక్కువ, అది నీళ్లతో పాటు అలా ఉండిపోయింది. మూడోది, రోజూ మూడు గంటలు డ్రిప్పు నడిపారు. ఈ చివరిదాని వెనకున్న ఆలోచన సరైనదే, నడిపిన తీరు సరిపోలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

నాలుగో పని చేద్దామనే నన్ను పిలిచాడు. "డోర్మెక్స్ కొడదామా అన్నా? మా నాయిన అక్టోబర్ కటింగ్ కాంగనే కొట్టేటోడు. పది పదిహేను రోజుల్ల కన్నులన్నీ ఒక్కపారే పగిలేటివి."

ఆయన ఆ మాట ఊరికే అనలేదు. ఆ చలికాలం బాగా వెచ్చగా ఉంది, జనవరిలో పొగమంచు పెద్దగా పట్టలేదు. పక్కనున్న చెర్రీ రైతులు చలి గంటలు సరిపోలేదని మొత్తుకుంటున్నారు, ఆ ఏడాది కాలిఫోర్నియాలో చెర్రీ పంట నిజంగానే దెబ్బతింది. చలి సరిపోలేదు, కన్నులు నిద్ర నుంచి బయటికి రాలేదు, హైదరాబాద్‌లో నాన్న ఏం చేశారో అదే చేద్దాం అన్నది ఆయన లెక్క. వినడానికి సబబుగానే ఉంది.

నేను వద్దనడానికి కారణాలు ఇవీ. హైదరాబాద్‌లో ద్రాక్షకు శీతాకాలపు నిద్ర అంటూ సరిగ్గా ఉండదు. చలి చాలదు, ఆకులు వాటంతటవి రాలవు. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మల కోసం, అక్టోబర్‌లో పండ్ల కోసం కత్తిరించి తీగను మనమే నడిపిస్తాం. ఆ పరిస్థితిలో కన్నులన్నీ ఒకేసారి పగలడానికి డోర్మెక్స్‌లో ఉండే హైడ్రోజన్ సయనమైడ్ పనికొస్తుంది, అది కన్ను శ్వాసను కాసేపు దెబ్బతీసి మేలుకొలుపుతుంది. ఇక్కడ కూడా దక్షిణాన ఎడారిలో ఉండే కోచెల్లా వ్యాలీలో తినే ద్రాక్షకు వాడతారు, సహజంగా పగలాల్సిన తేదీకి కనీసం నెల ముందు. ఇప్పటికే ఉబ్బిన, పచ్చబడిన కన్ను మీద పడితే కాల్చేస్తుంది. పైగా మనుషులకు ప్రమాదకరమైన మందు, కొట్టిన రోజుల్లో మద్యం తాగితే ఒళ్లంతా ఎర్రబడి, గుండె దడతో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. ప్రయోజనం మీద అనుమానం ఉన్నప్పుడు అలాంటిది కూలీల చేతికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఇక చెర్రీ లెక్క. చెర్రీకి కావలసిన చలి వైన్ ద్రాక్షకు కావలసిన దానికి రెట్టింపుకు మించి ఉంటుంది. దానికి చాలని చలి దీనికి చాలవచ్చు. అయినా నోటి మాటతో ఒప్పించడం నాకూ ఇష్టం లేదు, పరీక్ష చేద్దామన్నాను.

కారణం వెతకడం

మోడుగా ఉన్న చేతుల మీది పొట్టి కొమ్మలు, పగలని కన్నులతో సహా కొన్ని కోసి, రైతు ఇంట్లోనే వంటగది కిటికీ దగ్గర గ్లాసు నీళ్లలో పెట్టించాను. మంచు దెబ్బ తగిలిందని అనుమానమున్న పల్లపు మూల నుంచి తెచ్చినవి వేరే గ్లాసులో. నిద్ర తీరకపోయినా, కన్ను చచ్చిపోయినా ఇవి పగలవు.

అవి పగలడానికి సమయం పడుతుంది కాబట్టి ఈలోగా మిగతావి చూశాం. చేయి అడ్డంగా కోసి చూస్తే చెక్క శుభ్రంగా ఉంది. యూటైపా అనే ఎండు తెగులుంటే కోతలో త్రికోణపు ముక్కలా గోధుమ రంగు మచ్చ కనిపించాలి, చిగుర్ల ఆకులు ముడుచుకుని పసుపుగా ఉండాలి, ఆ లక్షణాలు లేవు. నిరుడు శరదృతువులో ఆకుల అంచులు కాలినట్టు ఎండాయా అని మేనేజర్‌ను అడిగాను, లేదన్నాడు, పియర్సెస్ తెగులు మీద అనుమానం తగ్గింది.

కాండం బెరడు చాకుతో గీకి చూశాం. 2013 డిసెంబర్ మొదట్లో వ్యాలీ అంతా గట్టి చలి దెబ్బ తింది, నారింజ తోటలు బాగా నష్టపోయిన వారం అది, చాలాచోట్ల మైనస్ 4 డిగ్రీల దాకా పడింది. గట్టిపడిన ద్రాక్ష తీగకు అది లెక్కలోది కాదు. ఆలస్యంగా కోత కోసి, ఇంకా గట్టిపడని తీగకు, అదీ ఎండిన నేల మీద ఉన్నదానికి దెబ్బే, పొడి నేల పగటి వేడిని దాచుకోదు. పల్లపు మూలలో కొన్ని చెట్లకు నేలకు జానెడు ఎత్తులో బెరడు కింద గోధుమ రంగు కనిపించింది. మిగతా తోటలో మాత్రం గీకిన ప్రతిచోటా పచ్చగా ఉంది. అంటే మంచు ఆ మూల కథకు సరిపోతుంది, తోట అంతటికీ కాదు.

అప్పుడు మేస్త్రీని పిలిపించి, ఫిబ్రవరి చివర కత్తిరించేటప్పుడు ఏమైనా తేడా గమనించావా అని అడిగాను. ఆయన ఆలోచించకుండానే చెప్పాడు: "ఈ తోటలో తీగలు ఏడవలేదు. పక్క తోటలో మా చొక్కాలు తడిసిపోయాయి, ఇక్కడ కత్తెర పొడిగా ఉంది."

నాకు కేసు అక్కడే తెరుచుకుంది. నీళ్లు కారలేదంటే వేరు ఒత్తిడి లేదు. ఆ సంగతి ఆయన నెలన్నర ముందే చూశాడు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఇక నేలలోకి తిప్పి లోతు నుంచి మట్టి పైకి తీసే ఆగర్ తీసుకుని నేలలోకి దిగాం. ఫిబ్రవరి, మార్చిలో కొంత వాన పడింది కాబట్టి నేల తడిగానే ఉంటుందని రైతు నమ్మకం, పైన చూస్తే పచ్చగడ్డి కూడా ఉంది. మొదటి 30 సెంటీమీటర్లు తడి. దాని కింద హార్డ్‌పాన్ దాకా పొడి దుమ్ము. పైన పడ్డ వానను వరుసల మధ్య వేసిన ఓట్స్ గడ్డి తాగేసింది. రోజూ మూడు గంటల డ్రిప్పు నీళ్లు డ్రిప్పర్ కింద గిన్నెంత మేర తడిపి ఆగిపోయాయి, ప్రతిరోజూ అదే గిన్నె. తవ్వి చూస్తే ఆ గిన్నె అవతల ఉన్న పీచు వేర్లు ఎండి గోధుమ రంగులో తేలిగ్గా తెగిపోతున్నాయి.

పెన్సిల్ మందం వేర్లు కోసి అయోడిన్ చుక్క వేశాం, పక్క తోట రైతును అడిగి అక్కడి నుంచి కూడా ఒకటి రెండు తెచ్చుకుని పక్కపక్కనే పెట్టి చూశాం. పిండిపదార్థం ఉంటే ముదురు నీలం, నలుపు రావాలి. పక్క తోట వేరు నల్లబడింది, మనది లేత మరకతో సరిపెట్టుకుంది. ఈ పరీక్ష కొమ్మల మీద చేస్తే మోసపోయే అవకాశం ఉంది. చలికి కొమ్మల్లోని పిండిపదార్థం చక్కెరగా మారిపోతుంది, నిల్వ ఉన్నా మరక పలచగా కనిపిస్తుంది. అందుకే వేరునే కోసి చూడాలి.

నిల్వ ఎందుకు లేదో తెలుసుకోవడానికి నిరుటి డైరీ తీశాం. ఐదేళ్ల వయసు చెట్ల మీద ఎకరానికి తొమ్మిది టన్నుల పైన పంట ఉంచారు. వైనరీ వాళ్లు తీసుకుంటామన్న తేదీని జరుపుతూ పోయారు, కోత అక్టోబర్ చివరికి పడింది. చక్కెర పెరగాలని నెల మొదట్లోనే నీళ్లు ఆపారు, కోత అయ్యాక మళ్లీ మోటారు వేయలేదు. మామూలుగా కోత తర్వాత ఆకు పచ్చగా ఉన్న ఆ కొన్ని వారాల్లోనే తీగ వేర్లను నింపుకుంటుంది, పీచు వేర్ల రెండో విడత కూడా అప్పుడే వస్తుంది. ఈ తోటకు ఆ వారాలు దక్కలేదు, నవంబర్ మొదట్లోనే ఆకు పండి రాలిపోయింది. ఆ మీదట 2013 కాలిఫోర్నియా నమోదు చేసిన ఏడాదుల్లోకెల్లా వాన తక్కువ పడ్డ ఏడాది, డిసెంబర్, జనవరి పొడిగా పోయాయి. 2014 జనవరి 17న గవర్నర్ జెర్రీ బ్రౌన్ కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. చలికాలంలో ద్రాక్షకు నీళ్లు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? మోటారు ఆపేసే ఉంది.

రెండు వారాలు గడవకముందే రైతు ఫోటో పంపాడు. తోటలో మోడులా ఉన్న కొమ్మల కన్నులు వంటగది గ్లాసులో పగిలి చిన్న ఆకులు వేశాయి. పల్లపు మూల గ్లాసులో మాత్రం సగం దాకా అలాగే ఉన్నాయి. చలి గంటల వాదన దాంతో ముగిసింది. కన్ను నిద్ర తీరింది, నీళ్లు అందితే లేస్తోంది.

ఏం చేశాం, ఎందుకలా చేశాం

మొదటి ప్రశ్న నీళ్లు ఎన్ని, ఎలా. చెట్టుకు గంటకు నాలుగు లీటర్లంటే 24 గంటలకు దాదాపు 96 లీటర్లు, తోట మొత్తం మీద పరిస్తే అది దాదాపు 15 మిల్లీమీటర్ల వానతో సమానం. ఈ నేల మీటరు లోతుకు ఇంచుమించు 100 నుంచి 125 మిల్లీమీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది. హార్డ్‌పాన్ దాకా నింపాలంటే కనీసం 80 కావాలి. మూడు తడులు, ఒక్కోటి 24 గంటలు అనుకుంటే 45. డ్రిప్పు తడిపేది నేలలో ఐదింట రెండు వంతులే అనుకున్నా, ఆ పట్టీలో అది వంద పైచిలుకు అవుతుంది, చాలు. ఒకేసారి 72 గంటలు నడిపేద్దామని మేనేజర్ అన్నాడు. హార్డ్‌పాన్ మీద నీళ్లు నిలబడితే వేర్లకు ఊపిరాడదు, ఉన్న కొద్ది పీచు వేర్లూ పోతాయి, పైగా నిలవనీరు నేలను చల్లగా ఉంచుతుంది. అందుకని తడికీ తడికీ మధ్య రెండు రోజులు వదిలి, ప్రతి తడి తర్వాత ఆగర్‌తో చూశాం. మూడో తడికి తేమ గట్టి పొరను తాకింది, అక్కడ ఆపేశాం.

అదే వారం ఓట్స్ గడ్డిని నేలబారుకు కోయించాం. దున్నేద్దామా అంటే వద్దన్నాను, పైపైన ఉన్న కొద్ది వేర్లు తెగిపోతాయి.

రెండో ప్రశ్న మోడు చేతులను ఏం చేయాలి. రైతుకు టెన్షన్, వెంటనే కోసేసి కొత్త చేతులు తీద్దామంటాడు. గీకితే పచ్చగా ఉన్నదాన్ని కోయడానికి నా మనసు ఒప్పలేదు. మే చివరి దాకా రంపం ముట్టుకోవద్దని, ఈలోగా చెట్టు పరిస్థితిని బట్టి కాండం మీద రంగు గుర్తులు వేయించాను. పూర్తిగా మోడైన చెట్లకు కాండం నుంచి వచ్చే పిలకల్లో ఒకటో రెండో ఉంచమన్నాను, రేపు అదే కొత్త కాండం కావచ్చు. ఇక్కడ కూలీలకు పక్కన నిలబడి చూపించాల్సి వచ్చిన సంగతి ఒకటుంది: అంటు కట్టిన చోటుకు పైన వచ్చిన పిలకే ఉంచాలి, కింద నుంచి వచ్చేది ఫ్రీడమ్, దాన్ని ఎంత ముద్దుగా పెంచినా క్యాబర్నే కాదు.

మూడోదే అన్నిటికంటే కష్టమైన మాట. ఆగి మళ్లీ కదిలిన చిగుర్ల మీద గుత్తులు తీసేయాలన్నాను. ఒక గుత్తి సరిగ్గా పండడానికి చిగురు మీద పన్నెండు, పదిహేను ఆకులైనా ఉండాలి. నిల్వ లేని తీగ మీద గుత్తి ఉంచితే ఆకులు చేసిన కొద్దిపాటి తిండి గుత్తికే పోతుంది, వేర్లకు ఏమీ దిగదు, వచ్చే వసంతంలో మళ్లీ ఇదే కథ. రైతు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పంట లేని తోటకు బ్యాంకోడు ఏమంటడో తెలుసా అన్నా" అన్నాడు. ఆ బాధ నిజమే. చివరికి అడుగు పొడవు దాటని చిగుర్ల మీద మాత్రమే తీసేసి, బాగున్న చెట్ల మీద ఉంచేందుకు ఒప్పందానికి వచ్చాం. పూత దగ్గర పడ్డాక, కొత్త ఆకులు పనిచేస్తున్నప్పుడు, కొద్దిగా నత్రజని డ్రిప్పులో ఇచ్చాం. ఏప్రిల్‌లో వృథా అయిన ఎరువే ఇప్పుడు పనికొచ్చింది, వేర్లు లాగే దశ ఇది.

తడులు పూర్తయిన మూడు వారాలకు ఆగిపోయిన చిగుర్లలో సగానికి పైగా మళ్లీ సాగాయి. మోడు చేతుల్లో చాలా వాటి మీద మే నెలలో, రెండు నెలలు ఆలస్యంగా, కన్నులు పగిలాయి, కొన్నిచోట్ల మొదటి కన్ను పోయి పక్కనుండే రెండో కన్ను వచ్చింది, దాని మీద గుత్తులు తక్కువ. పల్లపు మూల చెట్లు కోలుకోలేదు. వాటిని పిలకల నుంచి మళ్లీ పెంచాం, కొన్ని పీకేశాం. ఆ ఏడాది పంట నిరుటి దాంట్లో సగం.

అసలు వైద్యం ఆ శరదృతువులో జరిగింది. కోత అయిన మర్నాడే మోటారు వేశాం, ఆకు పచ్చగా ఉండగానే కొద్దిగా ఎరువు కూడా ఇచ్చాం. 2014 డిసెంబర్‌లో వానలు బాగా పడ్డాయి. 2015 జనవరి మళ్లీ పొడి. ఈసారి నెల మధ్యలో ఆగర్ వేసి, అడుగున తగ్గుతోందని చూసి, కత్తిరింపులకు ముందే ఒక పొడవాటి తడి ఇచ్చాం. గడ్డిని ఫిబ్రవరి మొదట్లోనే కోయించాం. కత్తిరింపుల రోజున రైతు మేస్త్రీ వెనకాలే వరుసల్లో తిరిగాడట, కోసిన కొనల నుంచి బొట్లు రాలుతుంటే వీడియో తీసి పంపాడు. మార్చిలో కన్నులు వారం పది రోజుల తేడాలో అన్నీ పగిలాయి.

దీని తర్వాత నేను మార్చుకున్న పద్ధతులు

చలికాలం పొడిగా పోతున్నప్పుడు, జనవరిలోనే ఆగర్ వేయించడం నా దగ్గరున్న తోటలన్నిటికీ నియమం చేశాను. పైన గడ్డి పచ్చగా ఉందన్న మాటను లెక్కలోకి తీసుకోను. కత్తిరించే వాళ్లను నీళ్లు కారుతున్నాయా అని అడుగుతాను, ఏ వరుసలో కారడం లేదో అక్కడ రిబ్బన్ కట్టమంటాను. కోత ఆలస్యమైన తోటకు, చిన్న వయసులో ఎక్కువ పంట మోసిన తోటకు కోత తర్వాత నీళ్లు తప్పనిసరి, కరెంటు బిల్లు ఎంతైనా సరే.

హైదరాబాద్ వైపు రైతులు కూడా ఇది చదువుతారని తెలుసు కాబట్టి ఒక మాట. అక్టోబర్ కత్తిరింపు తర్వాత కన్నులు ఎగుడుదిగుడుగా పగిలితే ముందు మందు మోతాదు మీదే అనుమానం వస్తుంది. మందు కన్నును లేపగలదు, లేచిన కన్నుకు తిండి పెట్టలేదు. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత వచ్చిన కొమ్మ ఎంత ముదిరింది, ఆకు ఎన్నాళ్లు ఆరోగ్యంగా నిలిచింది, వర్షాకాలంలో బూజు తెగులుకు ఆకు రాలిపోయిందా, ఇవి చూశాకే మందు డబ్బా వైపు చూడమని నా సలహా.

గ్లాసు పరీక్ష ఎలా చేయాలని చాలామంది అడుగుతారు. తోటలో బాగున్న చోటు నుంచి ఒక కట్ట, అనుమానం ఉన్న చోటు నుంచి ఒక కట్ట, ఒక్కో ముక్కకు ఒకటి రెండు కన్నులుండేలా ఇరవై దాకా కోసుకోండి. కింది కొన ఏటవాలుగా కోసి రెండంగుళాల నీళ్లలో నిలబెట్టి, 22 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం ఉండే గదిలో వెలుతురు తగిలేచోట పెట్టండి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చి, కింది కొన కొంచెం కొత్తగా కోయండి. మూడు వారాలైనా పగలని కన్నులను బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి, లోపల గోధుమ రంగుంటే చచ్చినట్టు, పచ్చగా ఉంటే ఇంకా నిద్రలో ఉన్నట్టు. రెండు కట్టలూ పగిలి తోట మాత్రం కదలకపోతే ఆగర్ తీసుకుని వరుసల్లోకి వెళ్లండి. ముందు డ్రిప్పర్ కింద, తర్వాత రెండు డ్రిప్పర్ల మధ్య, ఆ తర్వాత వరుసల మధ్య, గట్టి పొర తగిలేదాకా.